ఆరాధన మ్రొక్కుబడి కాదు

బస్తరులోని నగర్‌నార్‌లో ఒక తెలుగువారి యింట ఆదివారము సాయంకాలము జరిగిన కృతజ్ఞతకూడికలో, కుమారునకు ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఉద్యోగము దొరికినందుకు ఒక తండ్రియు, జగదల్‌పూర్‌లో కొన్న యింటిస్థలము రిజిస్ట్రేషను నిర్విఘ్నముగా ముగిసినందుకు వేరొకరును, విశాఖపట్టణములో జరిగిన శస్త్రచికిత్స సఫలమైనందుకు ఒక గృహిణియు, ఒకరి వెనుక ఒకరు లేచి నిలిచి దేవుని స్తుతించిరి. పిమ్మట పులిహోరయు కేసరియు పంచిపెట్టిరి. నేనును ఆమేన్ అంటిని, నేనును తింటిని. అయినను ఇంటికి వచ్చిన తరువాత నా మనస్సు కుదుటపడలేదు. ఆ సాక్ష్యములలో అసత్యమేమియు లేదు. చెప్పినవారందరును నాకు ప్రియులే. కాని రెండు గంటలసేపు సాగిన ఆ కూడికలో పాపక్షమాపణ అను మాట ఒక్కరి నోటనైనను రాలేదు. ఈ సంగతి నేను కదపగా వయోవృద్ధుడైన సంఘపెద్ద ఒకరు, “అది ఎప్పుడో రక్షణ పొందిననాటి సంగతి గదా, బ్రదర్! ప్రభువు మేలు చేసినాడు, మనం స్తుతి చెల్లిస్తున్నాం. ఇందులో లోపమేముంది?” అనిరి.

లోపమున్నదనియు, అది చిన్న లోపము కాదనియు, ఆయన సౌమ్యముగా పలికిన ఆ వాక్యము నేడు మన తెలుగు క్రైస్తవ లోకమునందు దాదాపు సర్వసమ్మతమై చెలామణి యగుచున్న ఒక సిద్ధాంతమునకు సంక్షిప్తరూపమనియు నా అభియోగము. ఆ సిద్ధాంతము ప్రకారము కృతజ్ఞత మేలునకు బదులు; ఆరాధన ఆ బదులును చెల్లించు విధానము; క్షమ యన్ననో ఉదారచిత్తులైన కొందరు గొప్పవారు తీరికవేళ ప్రదర్శించు సద్గుణము. ఇది వినుటకు ఎంత సహజముగా నున్నదో, సువార్తకు అంత దూరముగా నున్నది.

ముందుగా ఒక విచిత్రమును గమనింపుడు. క్రైస్తవులను నిందించువారు తరతరములుగా చెప్పుచు వచ్చిన దేమి? వీరికి బియ్యమిచ్చిరి, బడి పెట్టిరి, మందిచ్చిరి, అందుచేత వీరు ఆ దేవుని కొలుచుచున్నారు, అని కదా! పంతొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున చార్లెస్ వార్డు అను మెథడిస్టు మిషనరీ మన ఇల్లెందు ప్రాంతమున పనిచేసి, అటుపిమ్మట ఈ బస్తరు సంస్థానమునకు వచ్చిననాటినుండియు ఈ మాట ఇక్కడ వినబడుచునే యున్నది. జగదల్‌పూర్‌లో లాల్ చర్చి యని జనులు పిలుచు ఆ యెర్రని దేవాలయము చందయ్య స్మారక మెథడిస్టు దేవాలయము. ఆ పేరు తెలుగు చెవికి ఎంత చుట్టరికముగా తోచునో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ గోడల మధ్య మోకరిల్లినవారి ఆరాధనకు వెల కట్టినవారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. వారికి మనమేమి బదులు చెప్పగలము? మేలునకు బదులే ఆరాధన యని మన కూడికలలో మనమే ప్రతివారము ప్రకటించుచున్నప్పుడు, మన నిందకుల సిద్ధాంతమును మనమే సాక్ష్యమిచ్చి స్థిరపరచుచున్నాము గదా! వారు బియ్యమన్నారు, మనము ఉద్యోగ మనుచున్నాము. వస్తువు మారినది కాని బేరము మారలేదు.

కాని ఈ బస్తరు నేలయే ఆ సిద్ధాంతమును అబద్ధము చేయుచున్నది. 2022 డిసెంబరులో నారాయణపూర్, కొండగావ్ జిల్లాలలోని పల్లెలనుండి, విశ్వాసమును విడువనన్న ఒకే కారణమున ఆదివాసి క్రైస్తవ కుటుంబములు తరిమివేయబడి, చలికాలమున నారాయణపూర్ ఇండోర్ స్టేడియములో తలదాచుకొనవలసివచ్చెను. వారికి ఆరాధనవలన ఒనగూరిన మేలు ఇల్లు పోవుట, వరికుప్పలు పోవుట, బంధుత్వములు తెగుట. మేలునకు బదులే ఆరాధన యైనచో, మేలు పోయిన మరునాడే అది నిలిచిపోవలెను. అది నిలువలేదు. కావున దాని మూలము మరియొకచోట నున్నదని అంగీకరింపక తప్పదు.

ఆ మూలమును వెదకుటకు ముందు మన భాషలోనికే ఒకసారి తొంగిచూతము. మన పెద్దలు మనుష్యుడు ఋణగ్రస్తుడై జన్మించుననిరి: దేవఋణము, ఋషిఋణము, పితృఋణము. యజ్ఞముచేత మొదటిదియు, అధ్యయనముచేత రెండవదియు, సంతానముచేత మూడవదియు తీరుననిరి. ఇది గంభీరమైన భావన. నాకు ఏ పెట్టుబడియు లేకుండ నేనే నన్ను నిర్మించుకొంటినని విర్రవీగు ఆధునికునికంటె, పుట్టుటతోనే అప్పుపడితినని తలవంచు మనుష్యుడు వేయిరెట్లు మేలు. ప్రభువు నేర్పిన ప్రార్థనయందును మన తెలుగు బైబిలు ఋణమను మాటనే వాడినది. అంతవరకు ఉభయులును ఒకే త్రోవను నడచుచున్నారు. దారులు చీలుచోటు ఒకటే: ఆ ఋణము తీరునా, తీరదా?

మత్తయి సువార్త 18వ అధ్యాయములోని దాసుని కథను మన ప్రసంగీకులు తరచు చెప్పుదురు కాని, అందులోని అంకెలను లెక్కింపరు. ఒక దేనారము కూలివాని ఒకనాటి కూలి. ఒక తలాంతు ఇంచుమించు 6,000 దేనారములు. ఆ దాసుడు రాజునకు అచ్చియున్నది 10,000 తలాంతులు, అనగా 6 కోట్ల దినముల కూలి. ఏడాదికి 300 దినముల చొప్పున పనిచేసినను 2 లక్షల సంవత్సరములు పట్టును. అట్టివాడు రాజు కాళ్లమీద పడి కోరినదేమి? గడువు! నాకు వ్యవధి యిచ్చినచో సమస్తమును చెల్లింతునని వాడు విన్నవించెను. ఇదియే మ్రొక్కుబడి మనస్సు. తీరనిదానిని తీర్తునని మాట యిచ్చుట దానికి వినయముగా తోచును. యథార్థమునకు అది గర్వపరాకాష్ఠ. రాజు గడువు నీయలేదు, పత్రమునే కొట్టివేసెను. ఆ దాసుడో, వెలుపలికి వచ్చి తనకు 100 దేనారములు అచ్చియున్న తోటివాని గొంతు పట్టుకొనెను. వానికి ఇంత కాఠిన్యమేల యని మనము ఆశ్చర్యపడుదుము. నాకు తోచిన సమాధానమిది: అప్పు కొట్టివేయబడినదని వాడు చెవులార వినెను గాని నమ్మలేదు, తనకు దొరికినది గడువే యనుకొనెను, గడువులోపల సొమ్ము కూడబెట్టుటకు బాకీలు వసూలు చేయసాగెను. క్షమింపబడితినను ఎరుక లేనివాడు క్షమింపజాలడు. వానికి ప్రతి మనుష్యుడును ఒక బాకీదారుగానే కనబడును. ఆరాధనను చెల్లింపుగా ఎంచువాడు గుడినుండి వీథిలోనికి వచ్చిన తక్షణము ఎవరి గొంతునో పట్టుకొనక తప్పదు. కూడికలో కన్నీటితో స్తుతించి, గడప దాటగానే తమ్ముని భాగము విషయమై వ్యాజ్యమాడువారిని నేనెరుగుదును, మీరును ఎరుగుదురు.

మేలు పొందుటయే కృతజ్ఞతకు చాలుననువారికి లూకా సువార్తలోని పదిమంది కుష్ఠరోగుల వృత్తాంతము చాలును. పదిమందికిని మేలు సమానముగానే దొరికెను. పదిమంది చర్మమును శుద్ధమయ్యెను. యాజకులకు కనబడుడని ప్రభువు చెప్పిన విధిని తొమ్మండుగురు పాటించిరి కూడ. వారిని అవిధేయులనుట అన్యాయము. సమరయుడైన ఒక్కడు మాత్రము నడుమ వెనుకకు తిరిగి, గొంతెత్తి దేవుని మహిమపరచుచు వచ్చి పాదములయొద్ద సాగిలపడెను. యూదుల దృష్టిలో వాడు రోగము లేనప్పుడును వెలివాడే. ఏ యోగ్యతయు, ఏ హక్కును తనకు లేవని వాడెరుగును. తక్కినవారికి స్వస్థత పోగొట్టుకొన్నది తిరిగి దొరికినట్లు. వానికి అది ఎన్నడును తనది కానిది తనకు దక్కినట్లు. ఆ భేదమే వాని కాళ్లను వెనుకకు త్రిప్పినది.

మరియొక వృత్తాంతము ఇంతకంటె స్పష్టమైనది. పరిసయ్యుడైన సీమోను ఇంటి విందులో ఆ ఊరి పాపాత్మురాలు వచ్చి, ప్రభువు పాదములను కన్నీటితో తడిపి, తలవెండ్రుకలతో తుడిచి, అత్తరు పూసెను. సీమోను మనస్సులో నొచ్చుకొనగా, ప్రభువు 500 దేనారములును 50 దేనారములును అచ్చియుండి, ఉభయులును చెల్లింపలేక, ఉభయులును విడువబడిన ఇద్దరు ఋణస్థుల కథను చెప్పెను. ఎవడు అప్పులవానిని ఎక్కువ ప్రేమించును? ఎక్కువ విడువబడినవాడని సీమోనే ఒప్పుకొనవలసివచ్చెను. ఇక్కడ మన ప్రసంగీకులు అనేకులు కారణమును కార్యమును తారుమారు చేయుదురు: ఆమె అంత ప్రేమించినది కనుక క్షమాపణ సంపాదించుకొన్నదందురు. కథయే వారిని ఖండించుచున్నది. అప్పు విడువబడిన తరువాత కదా ప్రేమ పుట్టినది! ఆ కన్నీరు ధర కాదు, కానుకయు కాదు. పొంగి పొరలినది, అంతే. సీమోను ఆతిథ్యమిచ్చెను, భోజనము పెట్టెను. ఆరాధన మాత్రము ఆమెవలననే జరిగినది.

మన కీర్తనల తొలికాలమున ఈ క్రమము చెడలేదు. పర్లాకిమిడి ప్రాంతమున జన్మించి, తెలుగు క్రైస్తవులకు పాడుకొనుటకు సొంత గొంతు నిచ్చిన పురుషోత్తమ చౌదరి (1803–1890) నాటి కీర్తనలు పాపమును, కృపను చుట్టుకొని అల్లుకొన్నవి. వానిని పాడు వృద్ధులు రాగము సాగదీయుచు కన్నులు మూసికొందురు. నేటి స్తుతిగీతములు అనేకములు జాబితాలను తలపించుచున్నవి. వాద్యఘోష పెరిగినందుకు నాకు చింత లేదు. పాట దేనినుండి పుట్టుచున్నదో మరచుటయే నా చింత.

మ్రొక్కుబళ్లు బైబిలులో లేవా యని అడుగువారుందురు. ఉన్నవి; 116వ కీర్తనలోనే యున్నవి. కాని ఆ కీర్తనకారుడు తనకు యెహోవా చేసిన ఉపకారములన్నిటికిని బదులుగా ఏమి చెల్లింపగలనని ప్రశ్నించుకొని, ఇచ్చెదనని మొదట అనలేదు, రక్షణపాత్రను చేతబుచ్చుకొందుననెను. ఇచ్చుటకు మారుగా మరల పుచ్చుకొనుట! మ్రొక్కుబడి తరువాత వచ్చును. ప్రభురాత్రి భోజనములో ప్రతి విశ్వాసియు చేయునది ఇదియే: ఖాళీ చేతులు చాపి రొట్టెను, పాత్రను అందుకొనుట. దానిని కృతజ్ఞతార్పణ యని ప్రాచీన సంఘము పిలుచుటలో ఎంత లోతున్నదో ఆలోచింపుడు.

ఇక క్షమ మహాత్ముల సొత్తనువారి పక్షమునకు వత్తును. ఈ పక్షమునకు మన సాహిత్యమున ఘనమైన సాక్షులున్నారు. వారిని తక్కువ చేయుట నా యభిమతము కాదు. అరణ్యపర్వమున ద్రౌపది క్షమను నిలదీయగా ధర్మరాజు దానిని శ్లాఘించిన సంవాదమును నన్నయ తెనిగించెను. పోతన భాగవత ప్రథమస్కంధమునందు అదే ద్రౌపది, తన అయిదుగురు బిడ్డలను నిద్దురలో చంపిన అశ్వత్థామ కట్టుబడి యెదుట నిలువగా, గురుపుత్రుడు గనుకను, తాను ఏడ్చినట్లు వాని తల్లి కృపి ఏడ్వరాదు గనుకను విడువుమనెను. తెలుగులో ఆ ఘట్టము చదివి చలింపని గుండె గుండె కాదు. అయినను ఒక్క భేదము చెప్పవలెను. ద్రౌపది క్షమకు మూలము పుత్రశోకము తెలిసిన తల్లి జాలి. ధర్మరాజు క్షమకు మూలము ధర్మనిష్ఠ. ఇరువురును తమకున్న ఐశ్వర్యమునుండి ఇచ్చిరి. క్రైస్తవుడు తనది కానిదానినుండి ఇచ్చుచున్నాడు. నేను గొప్పవాడను గనుక నిన్ను క్షమించుచున్నానని వాడు అనజాలడు. నేనును విడువబడినవాడనే, ఆ విడుదల నా చేతిలో నిలువక నీయొద్దకు ప్రవహించుచున్నదని మాత్రమే అనగలడు. మన భాష ఈ రహస్యమును తెలియకయే దాచుకొన్నది: లోకవ్యవహారమున క్షమాపణ యన్నచో తప్పు చేసినవాడు వేడుకొనునది, మన దేవాలయమున పాపక్షమాపణ యన్నచో దేవుడు అనుగ్రహించునది. వేడునదియు ఇచ్చునదియు ఒక్కమాటలో ఇమిడిపోయినవి. వేడినవాడే ఇయ్యగలడు.

ఇది ఊహాగానము కాదనుటకు దూరము పోనక్కరలేదు. బస్తరు మధ్యప్రదేశములో అంతర్భాగమై యున్న దినములలో, 1995 ఫిబ్రవరి 25న, దేవాస్ జిల్లా ఉదయనగర్ ప్రాంతమున సిస్టర్ రాణి మరియ అను సన్యాసిని బస్సులో పలుమారులు పొడువబడి హతురాలయ్యెను. పేద ఆదివాసులను వడ్డీవ్యాపారుల అప్పులనుండి విడిపించుటకు ఆమె పాటుపడుటయే కొందరికి కంటగింపైనది. అప్పులు విడిపింపబోయి ఆమె ప్రాణము కోల్పోయెను. ఆమె చెల్లెలు సిస్టర్ సెల్మి 2002లో ఇందోరు చెరసాలకు పోయి, అక్కను చంపిన చేతికే రాఖీ కట్టెను. విడుదలయైన పిమ్మట ఆ హంతకుడు కేరళలోని వారి పుట్టినింటికి పోగా, హతురాలి తల్లి అతని చేతులను ముద్దాడెను. ఆ చేతులలో తన బిడ్డ రక్తమున్నదని ఎరిగియే ముద్దాడెను. ఆ హంతకుడు రాణి మరియ సమాధిని తరచు దర్శించువాడయ్యెను. 2017 నవంబరు 4న ఇందోరులో ఆమెను ధన్యురాలుగా ప్రకటించిన ఉత్సవమునకు అతడును వచ్చెను. ఎవరును అతనిని రమ్మని నిర్బంధింపలేదు. అతనికి ఉద్యోగము దొరకలేదు, ఇంటిస్థలము దొరకలేదు. క్షమ దొరికినది. ఆ కాళ్లు సమాధివైపు నడచినవి.

క్షమ న్యాయమునకు శత్రువనియు, క్షమించుట దుర్మార్గమునకు లైసెన్సు ఇచ్చుట యనియు మరియొక ఆక్షేపణ కలదు. ఇది నేను గౌరవించు ఆక్షేపణ. ఏలనన, పీడితుని నోరు నొక్కుటకు క్షమ అను మాటను ప్రయోగించు పెద్దలు లేకపోలేదు. అయినను దృష్టాంతములు వేరొకటి చెప్పుచున్నవి. ఒడిశాలో కియోంఝర్ జిల్లా మనోహరపురమున 1999 జనవరి 22 రాత్రి గ్రాహం స్టెయిన్స్ తన 10 ఏండ్ల ఫిలిప్పుతోను 6 ఏండ్ల తిమోతితోను జీపులో సజీవదహనమయ్యెను. గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించితినని ప్రకటించెను. ఐనను చట్టము తన పని తాను చేయుటకు ఆమె అడ్డుపడలేదు. ప్రధాన దోషికి మరణశిక్షయు, అటుపిమ్మట ఉన్నతన్యాయస్థానముచేత యావజ్జీవమును విధింపబడగా, 2011లో సర్వోన్నతన్యాయస్థానము యావజ్జీవమునే స్థిరపరచెను. ఆమె 2004 వరకు బారిపదలోని కుష్ఠాశ్రమమునే కనిపెట్టుకొని యుండెను. రాణి మరియను చంపినవాడును దాదాపు 11 ఏండ్లు చెరలో గడపెను. శిక్ష రాజ్యముది, క్షమ గాయపడినవారిది. ఒకటి మరియొకదానిని రద్దు చేయదు. పగను మాత్రమే క్షమ రద్దు చేయును.

మరియు గాయపడనివారు క్షమింపజాలరు. 2025 జనవరిలో ఈ బస్తరు జిల్లాలోనే చింద్వాడా గ్రామమున ఒక పాస్టరు మరణింపగా, స్వగ్రామమున పాతిపెట్టుటకు ఊరివారు అడ్డుపడుటచేత, దేహము శవాగారమున 7వ తేదీ మొదలు ఉంచబడెను. 27న సర్వోన్నతన్యాయస్థానపు ధర్మాసనము భిన్నాభిప్రాయములు వెలిబుచ్చి, తుదకు ఇరువది ఇరువదియైదు కిలోమీటర్ల దూరమున కర్కాపాల్‌లో పాతిపెట్టుడని ఆదేశించెను. ఆ పాస్టరు కుమారునితో క్షమింపుమని చెప్పుటకు నాకు అధికారము లేదు. పక్కా క్వార్టర్సులో కూర్చుండి ఇతరుల గాయములపై క్షమను ప్రసంగించుట పాపము. ఆ కుటుంబము పక్షమున నిలుచుట నా విధి. క్షమించుటయో కాదో వారికిని దేవునికిని నడుమ సంగతి.

ఇక్కడనే నా వాదము నావైపు తిరుగుచున్నది. ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యముతో 2023 అక్టోబరు 3న జాతికి అంకితమైన ఈ ఉక్కు కర్మాగారము ఆకాశమునుండి దిగలేదు. నగర్‌నార్, కస్తూరి మొదలగు పల్లెల పొలముల మీద నిలిచినది. 2001 ప్రాంతమున భూసేకరణకు ఇష్టపడక గ్రామస్థులు ఉద్యమించిరి, స్త్రీలు సయితము ముందు నిలిచిరి. మనవాని ఉద్యోగమునకు స్తోత్రమనునప్పుడు, మేలునకు బదులనెడి కృతజ్ఞత ఆ పొలము ఎవరిదని అడుగదు. అడిగినచో స్తుతి గొంతులో అడ్డుపడును. క్షమింపబడినవాని కృతజ్ఞత ఒక్కటియే దానిని అడుగగలదు. ఏలనన వానికి తన అప్పును దాచవలసిన అగత్యము లేదు. అప్పును ఒప్పుకొనుట వానికి సిగ్గు కాదు, అలవాటు.

కావున ఆ సంఘపెద్దగారికి నేను ఈ వారము ఒక విన్నపము చేసితిని. రాబోవు కృతజ్ఞతకూడికలో సాక్ష్యములకు ముందు ఒప్పుకోలు ప్రార్థన ఉండవలెననియు, అది మౌనముగా గాక నోరు తెరచి ఉండవలెననియు, భూములిచ్చిన కుటుంబములవారిని సాక్షులుగా గాక అతిథులుగా పిలువవలెననియు కోరితిని. ఆయన చాలసేపు పలుకలేదు. పిమ్మట, “వాళ్లు వస్తారంటావా, బ్రదర్?” అని అడిగిరి. వత్తురో రారో నేనెరుగను. పిలుచుటకు మాత్రము శనివారము ఇద్దరము కలసి కస్తూరి వెళ్లుదుము.